అంకెను నిలదీసే హక్కు

(కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



బాకీదార్ల జాబితాలో పేరెక్కితే అది నిజమా కాదా అని మనూళ్లో ఎవరూ అడగరు. అమెరికాలో అట్లాంటి జాబితాను కాలేజీలు ఎట్లా నిలదీస్తాయో చెప్తాం, వినండి.

అక్కడ పేద పిల్లలు సర్కారు అప్పుతో చదువుతారు. వాళ్లు కట్టలేకపోతే ఆ లెక్క కాలేజీ మీద కూడా పడుతుంది. అక్టోబరు 1 నుంచి సెప్టెంబరు 30 దాకా సర్కారుకు ఒక ఏడు. ఆ ఏడు కిస్తీలు మొదలైనవాళ్లలో, తర్వాతి రెండేళ్లు ముగిసేలోగా ఎంతమంది బాకీ పడ్డారన్నదే ఎగవేత శాతం. వరసగా 3 ఏళ్లు 30 శాతం గానీ ఆపైన గానీ వస్తే, అపీలు గెలవని కాలేజీలో సర్కారు అప్పూ, పెల్ గ్రాంటూ ఆగిపోతాయి. ఒక్క ఏడు 40 దాటినా అప్పు ఆగుతుంది. దెబ్బ తగిలేది ఎవరికి? రేపు చేరబోయే పేదోళ్లకు! అందుకే 1990లలో నల్లజాతి చారిత్రక కళాశాలలకూ, ఆదివాసీ కళాశాలలకూ కొన్నేళ్లు మినహాయింపు ఇచ్చారు.

మరి అంకె తప్పయితే? చదువు మానిన 6 నెలలకు కిస్తీ మొదలవుతుంది. ఏప్రిల్ చివర మానిన పిల్లను మార్చిలో మానిందని రాస్తే ఆమె ముందటేడు లెక్కలో పడిపోతుంది. 100 మందిలో 30 మంది బాకీ పడితే 30 శాతం. ఆ పిల్ల పేరు తీసేస్తే 99లో 29, అంటే 29.3. ఒక్క పేరుతో కాలేజీ గీత కిందికి దిగింది!

ముసాయిదా శాతం ఫిబ్రవరిలో వస్తుంది. దాంతోపాటు అప్పుదార్ల జాబితా ఇస్తారు. 45 రోజుల గడువు. కాలేజీవాళ్లు ఇ-సీడీఆర్ అపీల్స్ అనే కంప్యూటర్ వ్యవస్థలోకి పోయి, తప్పున్న పేరు తీసి, సరైన తేదీ రాసి, హాజరు కాయితాలు జతచేసి పంపాలి. రికార్డు పెట్టుకున్న సంస్థ ఒప్పుకుంటుందో లేదో కారణంతో జవాబియ్యాలి. ఒప్పుకున్న తప్పు సెప్టెంబరులో వచ్చే తుది శాతంలో దిద్దకపోతే 30 రోజుల్లో మళ్లీ అడగొచ్చు. ముసాయిదా నాడు నోరు మూసుకుంటే తర్వాత దారులు తగ్గిపోతాయి.

ఒకటి గుర్తుంచుకోండి. దీంతో మారేది కాలేజీ శాతమే. ఆ పిల్ల అప్పు దానంతటదే పోదు. 2020 మార్చి నుంచి 2023 సెప్టెంబరు దాకా కిస్తీలు ఆపారు, శాతం సున్నాకు దిగింది. అంకె సున్నా అయింది గానీ పేదరికం సున్నా కాలేదు.

మేం చెప్పేదొక్కటే. ఏ జాబితా వచ్చినా మూడు అడగండి: లెక్క కట్టిందెవరు? ఏ కాయితం చూసి? గడువెప్పటిదాకా? గడువులోపల కాయితంతో అడిగితేనే అంకె కదులుతుంది.