చేపపిల్లకు తొలి ముద్ద



హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో చేపల పెంపకం చెరువును నమ్ముకున్నది. చెరువేమో వానను నమ్ముకున్నది. బుక్కపట్నం చెరువుకు చిత్రావతి ఎప్పుడు పారుతుందో ఎవరు చెప్పగలరు? చిన్న చెరువుల్లోనైతే వచ్చిన నీరు కొన్ని నెలలే నిలుస్తుంది. "నీళ్లు రానీలే, పిల్లల్ని తెచ్చుకుందాం" అని కూర్చుంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. కనుక వరికి నారు పోసుకున్నట్టే, చేపపిల్లలను చిన్న మడుగులో ముందే పెంచుకోవాలి.

ఇక్కడే చేతులు కాలేది. నావీ కాలాయి. మొదటి ఏడాది నీళ్లు అద్దంలా తేటగా ఉన్నాయని మురిసిపోయి లక్ష పిల్లలు వదిలాను. పదిహేనో రోజున వల లాగితే దోసెడు రాలేదు. తేట నీళ్లలో తినడానికేముంది?

గుడ్డు పగిలిన బొచ్చె, రాగండి పిల్ల సుమారు మూడు రోజులు పొట్టకిందున్న సొనతోనే బతుకుతుంది. తర్వాత నోరు తెరుస్తుంది. ఆ నోటికి పట్టేవి కంటికి ఆనీ ఆనని రోటిఫర్లు. కాస్త పెరిగాక మోయినా అనే గంతులువేసే సన్న జీవాలు. తమిళనాడు మండపంలో 2010లో కోబియా అనే సముద్రపు చేప పిల్లలను తీసినప్పుడూ తొలి ముద్ద రోటిఫర్లే, ఆ తర్వాత ఆర్టీమియా. సముద్రపు పిల్లకు కావలసిన కొవ్వు అది సొంతంగా చేసుకోలేదు. అందుకని ఆ మేతకే ముందు పాచినో, చేపనూనెనో మేపి, బలం ఎక్కించి పెడతారు. మనకంత శ్రమ లేదు, పేడ చాలు.

5 సెంట్ల మడుగుకు లెక్క చెబుతాను. 5 కిలోల సున్నం చల్లండి. పిల్లలు రావడానికి 10, 15 రోజుల ముందు 200 కిలోల పచ్చిపేడ వేసి నీరు పెట్టండి. పక్క కుంటలో మోయినా ఉంటే పెద్ద పురుగులను ఏరేసి, పాలకు తోడు వేసినట్టు ఒక చెంబెడు కలపండి. 50 లీటర్ల నీటిని ప్లాంక్టన్ వలతో వడకడితే అడుగున 1, 2 మిల్లీలీటర్ల మేత పేరుకోవాలి. ధర్మవరం పట్టుచీరతో వడకట్టబోయేరు, ఇంట్లో ఊరుకోరు!

పేడతోపాటు పిల్లల్ని తినే నీటి పురుగులూ పెరుగుతాయి. పిల్లలు వదిలే ముందురోజు, గాలి లేని పూట, 360 గ్రాముల సబ్బు కరిగించి 1.1 కిలోల చౌక నూనెతో కలిపి నీటిపై పరచండి. పైకొచ్చి గాలి పీల్చే పురుగులు చస్తాయి. మోయినా నీటిలోనే ఊపిరి తీస్తుంది గనుక బతుకుతుంది. పెనుకొండ గాలి లేచిందా, ఆ తెర చీలిపోతుంది, మళ్లీ చేయాల్సిందే.

ఆ తర్వాత 60 వేల నుంచి లక్ష దాకా పిల్లలు వదలవచ్చు. మరునాటి నుంచి చెనక్కాయ పిండి, తవుడు సమపాళ్లలో పొడిచేసి చల్లండి. పదిహేను రోజులకు అంగుళం పిల్ల అవుతుంది, పట్టి మరో మడుగులోకి మార్చండి.