చలిజ్వరానికి నేలవేము: కషాయం నుంచి ఔషధం దాకా

రాయలసీమ పల్లెల్లో జ్వరం తగిలితే కషాయం కాచే మొక్కల్లో నేలవేముకు పెద్దపీట ఉంది. నలుపలకల కాడతో, ఊదా చారలున్న చిన్న తెల్లపూలతో, నోట పెట్టుకోలేనంత చేదుతో ఉండే ఈ మొక్క చలిజ్వరానికి, అంటే మలేరియాకు, నిజంగా మందవుతుందా అన్న ప్రశ్నకు ఔననో కాదనో ఒక్కమాటలో జవాబు చెప్పడం కుదరదు.

ఆకు చేదుకు మూలమైన ఆండ్రోగ్రాఫోలైడ్‌ను గోర్టర్ అనే రసాయనవేత్త 1911లో వేరుచేశాడు. అది ఆల్కహాల్‌లో కరిగినంతగా నీటిలో కరగదు కనుక, పొయ్యి మీద కాచిన కషాయంలోనూ ప్రయోగశాలలో తీసిన సారంలోనూ ఉండేది ఒకే మందు అనుకోవడానికి వీల్లేదు. మొక్క నుంచి సారం తీసే పద్ధతి ఎంత ముఖ్యమో చైనా శాస్త్రవేత్త తూ యూయూ అనుభవం చాటుతుంది; మాచిపత్రి జాతికి చెందిన ఒక మొక్కను కాచకుండా నీళ్లలో నానబెట్టి పిండమన్న నాలుగో శతాబ్దపు వైద్యగ్రంథ సూచనను పట్టుకుని, తక్కువ వేడికే మరిగే ఈథర్‌తో ఆమె 1971లో సారం తీశాకే మలేరియా మందైన ఆర్టెమిసినిన్‌కు దారి దొరికింది, దానికే 2015లో నోబెల్ బహుమతి వచ్చింది.

నేలవేము విషయంలో మరో చిక్కుంది. భారత మలేరియా పరిశోధకులు 2004లో ప్రచురించిన అధ్యయనంలో పరాన్నజీవి మీద పనిచేసినట్టు తేలిన జాంథోన్లనే పదార్థాలు ఈ మొక్క వేళ్ల నుంచి తీసినవి. వాటిలో ఒకటి ఎలుకల రక్తంలోని పరాన్నజీవులను 62 శాతం తగ్గించింది. చేదును బట్టి మందును అంచనా కట్టే అలవాటుకు ఇది గట్టి దెబ్బే. అయితే ఎలుకలో తగ్గినంత మాత్రాన మనిషికి మోతాదు తేలినట్టు కాదు.

జ్వరం తగ్గిందన్న రోగి మాట కూడా ఇక్కడ సాక్ష్యంగా నిలవదు. వైవాక్స్ రకం మలేరియాలో జ్వరం సాధారణంగా రోజు విడిచి రోజు వస్తుంది, కొన్నాళ్లకు దానంతటదే సద్దుమణుగుతుంది, కాలేయంలో దాగిన పరాన్నజీవులు వారాలకో నెలలకో మళ్లీ మేలుకుంటాయి. మూడు రోజుల క్లోరోక్విన్‌తో పాటు 14 రోజుల ప్రైమాక్విన్ ఇచ్చేది ఆ దాగినవాటి కోసమే. కషాయం తాగిన మర్నాడు జ్వరం రాకపోతే ఆ పేరు కషాయానికి దక్కుతుందిగానీ, రోగం మాత్రం కాలేయంలోనే ఉంటుంది.

అలాగని నల్లమల, లంకమల కొండల్లో పరిశోధకులకు పని లేదని కాదు. నేలవేముకు దగ్గరి చుట్టమైన మరో మొక్కను జె.ఎల్. ఎల్లిస్ 1966లో నల్లమల పేరుతోనే ఆండ్రోగ్రాఫిస్ నల్లమలయానా అని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. ఇలా ఒకే కుదురు మొక్కలు ఒకే అడవిలో పెరిగే చోట, చెంచు వైద్యుడు చెప్పిన ఆకు ఏ మొక్కదో తేల్చడమే తొలి పరీక్ష. ఎండబెట్టి అట్టకు అంటించిన నమూనా పక్కన మొక్క పేరు ఒక్కటే రాస్తే చాలదు. ఆకు కోశారా వేరు తవ్వారా, పూతకు ముందా తర్వాతా, కాచారా నూరి పిండారా అన్నవి కూడా ఆ చీటీలో ఉంటేనే ప్రయోగశాలలో వైద్యుడి మందును ఉన్నదున్నట్టు పరీక్షించగలుగుతారు.