ఒక విమానము, పెక్కు కంపెనీలు
(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగపాఠము)



పదవ తరగతి పిల్లల తండ్రులు మమ్ము తరచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు: "తెలుగులో చదివిన మావాడు రేపు పెద్ద ఫ్యాక్టరీలో ఏమి చేయగలడండీ?" ఈ ప్రశ్న న్యాయమైనదే. దీనికి ధైర్యవచనములు చెప్పి పంపివేయుట మాకు సమ్మతము కాదు. కావున ఈనాడు విమాన నిర్మాణమును గూర్చియు, అందు పాల్గొను కంపెనీలు తమ సమాచారమును ఒకరితో నొకరు పంచుకొను విధమును గూర్చియు కొంత ముచ్చటింపదలచితిమి.

ఇప్పటి విమానము ఒక్క కంపెనీలో పుట్టుట లేదు. హైదరాబాదు దాపున ఆదిభట్లలో టాటా, బోయింగు కంపెనీల ఉమ్మడి కర్మాగారము 2018లో ప్రారంభమైనది. అపాచీ యుద్ధ హెలికాప్టరు యొక్క ప్రధాన శరీర భాగము అచట తయారై అమెరికాలోని మేసా పట్టణమునకు పోవును. ఆ ఆదిభట్లలోనే టాటావారు లాక్‌హీడ్ మార్టిన్ కంపెనీతో కలిసి సీ-130జే రవాణా విమానమునకు తోకభాగమును చేయుచున్నారు. తెలుగునేలపై చేసిన తోక సముద్రముల కావల తయారైన దేహమునకు వెండ్రుకవాసి తేడా లేక అమరవలెను. అమర్చువాడు చేసినవానిని చూచి యెరుగడు. వారిరువురి నడుమ నుండునది సమాచారమే. కొలతలు, లోహపు రకము, రంధ్రముల స్థానము, ఎంత తేడావరకు సహింపవచ్చునను హద్దు, ఇవన్నియు అందు చేరును.

ఇది మనకు క్రొత్త కాదు. మన పొరుగున పెరంబూరులో 1955 అక్టోబరు 2వ తేదీన నెహ్రూగారు ప్రారంభించిన రైలుపెట్టెల కర్మాగారము స్విట్జర్లాండు కంపెనీ సాంకేతిక సహకారముతోనే వెలసినది. అప్పుడు డ్రాయింగు కాగితముపై నుండెడిది. ఇప్పుడు కంప్యూటరులో నున్నది. కాగితమును ఎవరైనను విప్పి చూడవచ్చును. కంప్యూటరు డ్రాయింగునకు మాత్రము దాని భాష నెరిగిన ప్రోగ్రాము కావలెను. చిక్కంతయు ఇచటనే కలదు.

ఐరోపాలో ఎయిర్‌బస్ సంస్థవారు ఏ-380 అను రెండంతస్తుల మహావిమానమును నిర్మించిరి. రెక్కలు బ్రిటనులో, దేహభాగములు జర్మనీలోను ఫ్రాన్సులోను, తోకభాగములు స్పెయినులో తయారై, తుదికి ఫ్రాన్సులోని తులూజ్ నగరమున కూర్పబడెడివి. ఒక్కొక్క విమానమున సుమారు 530 కిలోమీటర్ల విద్యుత్తీగ. జర్మనీ, స్పెయిను ఇంజనీర్లు కాటియా అను ప్రోగ్రాము యొక్క నాలుగవ కూర్పును, ఫ్రెంచి, బ్రిటిషు ఇంజనీర్లు ఐదవ కూర్పును వాడుచుండిరి. పేరొక్కటే, కంపెనీ యొక్కటే. కాని ఒకదానిలోని వివరములు రెండవదానిలోనికి పూర్తిగా దిగలేదు. తీగ వంపు తిరుగుచోట ఎంత పొడవు అదనముగా కావలెనో ఆ లెక్క తప్పినది. హాంబర్గునుండి వచ్చిన తీగలకట్టలు తులూజ్‌లో అమర్చబోవగా కురచలయ్యెను. జర్మను పనివారు తులూజ్ వచ్చి చేతులతో తీగలు విప్పి మరల అమర్చిరి. 2006 జూనులో ఆలస్యమును ప్రకటింపగా మాతృసంస్థ వాటాల ధర ఒక్కదినమున నాల్గవవంతుకు పైగా పడిపోయినది. మొదటి విమానము సింగపూరువారికి చేరుసరికి 2007 అక్టోబరు 15. తలచినదానికంటె సుమారు రెండేండ్లు ఆలస్యము.

మన యిండ్లలోని పిల్లలకు ఈ చిక్కు చక్కగా బోధపడును. "అవసరము" అను మాటను తీసికొనుడు. మనకు దాని యర్థము కావలసియుండుట. వీధిలోని తమిళ మిత్రునకు తొందర. అక్షరములు మారలేదు, అర్థము మారినది. రెండు భాషల నడుమ పెరిగిన పిల్లవాడు ఎదుటివాడు దేనిని ఉద్దేశించెనో ఒకసారి ఆగి యోచించును. ఒకే భాషలో పెరిగినవారికి ఈ సందేహమే తోపదు. ఇది మా పక్షపాతమని మీరనవచ్చును, అననిండు.

లోకము దీనికి కనిపెట్టిన ఉపాయము ఉమ్మడి భాష. ఆరు కంపెనీలు కలిసి పనిచేయుచున్నవనుకొందము. ప్రతి కంపెనీయు మిగిలిన అయిదింటికి వేర్వేరుగా తర్జుమా చేయవలెనన్న ముప్పది తర్జుమాలు. అందరు నొక ఉమ్మడి రూపమున వ్రాసి, అందుండి చదువుకొన్నచో పండ్రెండు చాలును. 1994లో వెలువడిన ఐ.ఎస్.ఓ. 10303 అను ప్రమాణము అట్టిదే. స్టెప్ అని వ్యవహారము. ఆకారము దీనిద్వారా చక్కగా దాటిపోవును. కాని డ్రాయింగు వ్రాసినవాడు ఏ క్రమమున, ఏ ఉద్దేశముతో వ్రాసెనో ఆ సంగతి చాలవరకు దాటదు. సహించదగిన తేడాల హద్దును సైతము యంత్రమే చదువునట్లు చేర్చు క్రొత్త భాగము 2014లో వచ్చినది.

భాష కుదిరినను కొలత కుదరకున్న అంతయు వ్యర్థము. అమెరికావారి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అను నౌక 1999 సెప్టెంబరు 23న అంగారకునియొద్ద నష్టమైనది. కంపెనీవారి ప్రోగ్రాము బలమును పౌండ్ల లెక్కలో నీయగా, అంతరిక్ష సంస్థవారు దానిని న్యూటన్ల లెక్కగా గ్రహించిరి. ఒక పౌండు బలము సుమారు 4.45 న్యూటన్లు. మా ఎనిమిదవ తరగతివారు చేయగల లెక్క!

ఇంకొక సంగతి. పంచుకొనుట యనగా అంతయు ఇచ్చివేయుట కాదు. భాగస్వామికి తన భాగము, దానికి ప్రక్కభాగము తగులుచోటు తెలిసిన చాలును. అమెరికా చట్టము ననుసరించి యుద్ధవిమానపు సాంకేతిక సమాచారమును అనుమతి లేక విదేశీయునకు చూపుటయు ఎగుమతిగనే యెంచబడును. కావున ఏ డ్రాయింగు ఎవరికి పోయినది, ఎన్నవ సవరణ పోయినది అను పద్దు వ్రాయువాడు ఇంజనీరుతో సమానుడు. పాత సవరణను పట్టుకొని చేసిన భాగము ఎంత నిర్దోషమైనను చెత్తలోనికే.

ఇక మీ ప్రశ్న. ఆ పనికి ఆంగ్లము కావలెనా? కావలెను, కాదనుట మోసము. డ్రాయింగులపై మాటలు ఆంగ్లముననే యుండును. కాని గీతకు, కొలతకు, హద్దుకు అర్థము తెలియుట ముందు, ఆ మాటల పలుకుబడి తరువాత. అర్థము తెలియని బాలునకు ఆంగ్లములో చదివినను తీగ కురచయే యగును. ఒక సంవత్సరము ఆంగ్ల పాఠశాలలో, మరుసటి సంవత్సరము ఇచట, అని పిల్లవానిని అటునిటు త్రిప్పుట మాత్రము మేము మెచ్చము. అది తర్జుమాపై తర్జుమా.

రానున్న సంవత్సరమునుండి ఎనిమిదవ తరగతికి వారమునకొక గంట డ్రాయింగు చదువుట నేర్పనున్నాము. అంగుళములు, మిల్లీమీటర్లు రెండును గల కొలబద్ద ప్రతి బాలునియొద్ద నుండవలెను. ఆంగ్ల సాంకేతిక పదములను ఉన్నవి ఉన్నట్లే తెలుగు లిపిలో వ్రాయించి, ప్రక్కన ఆంగ్లములో వ్రాయింతుము. పెరంబూరు కర్మాగారమునందును, రైల్వే వర్కుషాపులందును పనిచేసి విశ్రాంతి గొన్న పెద్దలు మీ కుటుంబములలో నున్నచో, శనివారము ఉదయము ఒక గంట వచ్చి పిల్లలకు డ్రాయింగు చూపింపగోరుచున్నాము. పేర్లను కార్యాలయమున గుమాస్తాగారియొద్ద వ్రాయింపుడు.