ఢీకొన్న ట్రాక్టరు: ఇంజను సంగతి, ఖర్చు సంగతి

(పెంటపాడులో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన రోడ్ల సంగతి మీకు నేను చెప్పవలసిన పని లేదు. తాడేపల్లిగూడెము ఉల్లి మార్కెట్టునకు పోవు లారీలు, కొల్లేటి వైపునుండి వచ్చు చేపల బండ్లు, దాళ్వా కోతలలో ధాన్యపు ట్రాక్టర్లు ఈ దారులనే పట్టవలయును. అనేక చోట్ల ఒక ప్రక్క కాలువ, ఒక ప్రక్క వరిచేను. పంచాయతీ చెత్త ట్రాక్టరు తెల్లవారకముందే ఇదే గట్టుమీద తిరుగును.

ఒక గ్రామమున, పేరు చెప్పను, పంచాయతీ ట్రాక్టరు మంచులో ఆగియున్న లారీకి వెనుకనుండి తగిలినది. డ్రైవరు క్షేమముగనే యుండెను. ముందు జాలీ వంగి, రేడియేటరునుండి నీరు కారుచుండెను. ‘‘మూడు కిలోమీటర్లే గదా’’ యని అతడు బండిని తోలుకొని వచ్చెను. ఊరి పొలిమేర చేరకమునుపే ఇంజను పట్టివేసినది. వేలలో పోవలసిన ఖర్చు లక్ష దాటినది. బీమా కంపెనీ రేడియేటరునకు ఇచ్చినది గాని ఇంజనునకు ఇయ్యలేదు. సభలో అందరును కంపెనీని తిట్టిరి. అయితే ప్రమాదము జరిగిన బండిని బాగుచేయించకుండ నడిపినచో, దానివలన పెరిగిన నష్టము యజమానిదే యని సాధారణముగా పాలసీలలో స్పష్టమైన షరతు ఉండును. దానిని చదివినవారు ఆ సభలో ఒక్కరును లేరు.

ఇంజను ఏల పట్టివేసెనో చూడుడు. ఇంజను వేడిని నీరు మోసికొని పోయి రేడియేటరులో వదలును. నీరు పోయినచో వేడి లోపలనే నిలుచును. హెడ్డు వంగును, గాస్కెట్టు కాలును, పిస్టను ఉబ్బి సిలిండరు గోడకు కరచుకొనును. పొగగొట్టమునుండి తెల్లపొగ వచ్చినను, నూనె పాలకాఫీ రంగునకు తిరిగినను, నీరు నూనెలో కలసినదేమోయని వెంటనే అనుమానింపవలయును. అడుగున సంపు పగిలినచో ఇంకను తొందరగా ముంచుకొని వచ్చును. నూనె లేని ఇంజను నిమిషములలో చెడిపోవును.

ట్రాక్టరులో మరియొక విశేషమున్నది. లారీకి ఛాసిస్ కలదు; దెబ్బను అది కొంత తినును. చాలా ట్రాక్టర్లకు ఛాసిస్ లేదు. ఇంజను, క్లచ్చి పెట్టె, గేరు పెట్టె ఒకదానికొకటి బోల్టులతో బిగించి, అదియే బండికి వెన్నెముకగా చేసినారు. ముందు ఇరుసునకు తగిలిన దెబ్బ సరాసరి ఇంజను దిమ్మకు ఎక్కును. పైకి బానెట్టు మాత్రమే నలిగినట్లు కన్పించినను, ఈ అతుకుల వద్ద సన్నని పగులు ఉన్నదేమో కడిగించి చూడవలయును. షెడ్డువారు రంగు వేయకమునుపే చూడవలయును సుమా!

కాలువలో పడిన బండి సంగతి వేరు. బయటికి తీసిన వెంటనే తాళము త్రిప్పుట మనవారికి అలవాటు. సిలిండరులో నీరున్నచో పిస్టను దానిని అణచలేదు. గాలి అణగును, నీరు అణగదు. కనెక్టింగు రాడ్డు వంగిపోవును. డీజిలు బండికయినచో ఇంజెక్టర్లు విప్పి, ఇంజనును చేతితో త్రిప్పి, నీటిని వెడలగొట్టి, నూనె మార్చిన తరువాతనే స్టార్టు చేయవలయును.

ఇక లెక్క. మూడున్నర యేండ్ల ట్రాక్టరునకు ఇనుప భాగములు 60,000 రూపాయలు, బ్యాటరీ, రబ్బరు గొట్టములు 16,000, కూలి 12,000, మొత్తము 88,000 అయినవనుకొనుడు. సాధారణ పాలసీలో ఆ వయస్సు బండికి ఇనుప భాగములపై నూటికి 25, రబ్బరు, బ్యాటరీలపై నూటికి 50 తరుగు కోయుదురు. అనగా 15,000, మరి 8,000. ఈ 23,000 పంచాయతీ నిధినుండి పోవును. పాలసీలో వ్రాసిన తప్పనిసరి మినహాయింపు దానికి అదనము. బండికి పదేండ్లు దాటినచో ఇనుముపై కూడ సగము కోతయే. వాణిజ్య వాహనముల పాలసీలలో దీపములు, టైర్లు, మడ్‌గార్డులు, బానెట్టు, రంగు అదనపు ప్రీమియము కట్టినగాని సాధారణముగా లెక్కలోనికి రావు. పాలసీ కొనునపుడు ఎవరును ఈ మాట అడుగరు, అమ్మువాడు చెప్పడు.

ఇదంతయు సొంత నష్టపు పాలసీ యున్నవారి మాట. చట్టము నిర్బంధించునది ఎదుటివారి నష్టమునకు బీమాను మాత్రమే. 1939 నాటి మోటారు వాహనముల చట్టములోని ఆ నిబంధన 1946 జూలై 1 నుండి అమలులోనికి వచ్చినది. 1988 చట్టము 146వ సెక్షను దానిని కొనసాగించినది. 2019 సవరణ తరువాత బీమా లేని బండిని నడిపిన మొదటి తప్పునకు 2,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలలవరకు జైలు, లేదా రెండును. అట్టి పాలసీ మాత్రమే యున్నచో పైన చెప్పిన 88,000 మొత్తము మనదే. ట్రెయిలరు పాలసీలో చేరినదో లేదో వేరుగ చూచుకొనుడు.

ప్రమాద స్థలమున మొదట మనుష్యులను చూడవలయును. 134వ సెక్షను ప్రకారము గాయపడినవారికి వైద్యము అందించుట డ్రైవరు విధి. పోలీసు అధికారి దగ్గర లేనిచో 24 గంటలలోపల స్టేషనుకు తెలుపవలయును. బీమా కంపెనీకి వ్రాతమూలకముగ తెలుపవలయును. సర్వేయరు చూడకమునుపు బండిని విప్పించరాదు. బండిని మరియొక ట్రాక్టరుతో లాగించుటకు అయిన ఖర్చు రశీదు దాచవలయును.

ఇప్పుడు ప్రశ్నలు అడుగవచ్చును. మన ట్రాక్టరు బయటనే యున్నది. బానెట్టు ఎత్తించితిని, నేను చెప్పిన అతుకులు ఎక్కడ నున్నవో దగ్గరకు వచ్చి చూడుడు.