ముందు దిగనిద్దాం



మన జిండెల్ఫింగెన్‌కు 2010లో ఎస్-60 రైలు వచ్చింది. బోబ్లింగెన్‌లో మారితే ఎస్-1 మనలను స్టుట్‌గార్ట్ చేరుస్తుంది. ఉదయంవేళ ఆ పెట్టెలు కిటకిటలాడుతుంటాయి.

హైదరాబాదులో 2003లో మొదలైన ఎం.ఎం.టి.ఎస్. బండ్లలోనూ ఇదే రద్దీ. ఇక్కడ మాత్రం తలుపులు మూసుకుంటేనే బండి కదులుతుంది. స్టుట్‌గార్ట్ నడిబొడ్డున సొరంగం ఒక్కటే. ఎస్-1 మొదలు ఎస్-6 వరకు బండ్లన్నీ అందులోనుండే పోవాలి. ఒక్కరు గుమ్మానికి అడ్డుపడితే వెనుకబండ్లూ ఆగుతాయి. ఎందరికో పని చెడుతుంది.

అందుచేత, దిగేవారిని ముందు దిగనీయండి. పుస్తకాల సంచి వీపుమీదనుండి తీసి కాళ్లదగ్గర పెట్టుకోండి. ముసలివారికి, చంటిపిల్లల తల్లులకు చోటివ్వండి. మూసుకునే తలుపులకు ఎదురు పరుగెత్తకండి. మరో బండి వస్తుంది. పోయిన ప్రాణం మరల రాదు.