పుట్టింటి వాటా

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు వరండాలో మా పెద్దమ్మ వేలిముద్ర వేయడం చిన్నప్పుడు చూశాను. అది విడుదల దస్తావేజు. తండ్రి పొలంలో తన వాటా తమ్ముళ్లకు వదిలేసి, వాళ్లు పెట్టిన కొత్త చీర ఒళ్లో పెట్టుకుని, బొటనవేలి సిరా కొంగుకు తుడుచుకుంటూ, "నాకేం తక్కువ? పుట్టింటి గడప ఉంటే చాలు" అంది. ఆ తృప్తి అబద్ధం కాదు. కానీ వాటా అడిగితే ఆ గడప మూసుకుపోతుందన్న భయం కూడా అందులో ఉంది. ఆ భయమే నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

తండ్రి స్వార్జితంలో కూతురికి సమాన వాటా 1956 హిందూ వారసత్వ చట్టంతోనే వచ్చింది. ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1985లో, ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలంలో వచ్చింది. అప్పటికే పెళ్లయినవారికి మాత్రం అది దక్కలేదు. 2005లో కేంద్రం చేసిన సవరణ ఆ తేడా తీసేసింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండనక్కరలేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే పద్ధతిగా జరిగిన పంపకాలను మాత్రం తిరగదోడలేరు.

అమ్మా, సంతకం పెట్టమన్నప్పుడు కాగితం చదివించుకోండి. సర్వే నంబరెంతో, ఎన్ని ఎకరాలో అడగండి. ఆ తర్వాత ఉంచుకుంటారో, వదులుకుంటారో మీ ఇష్టం.