డాలర్ గుర్తు వెనక ఖాళీ ఉంటే

ప్రోగ్రాములు రాసేవాళ్లకు ఇవాళ ఒక జాగ్రత్త చెబుతాను.

మీ ఫోల్డర్ చిరునామా ప్రోగ్రాంలో నేరుగా రాసేస్తే, అది మీ కంప్యూటర్‌లోనే నడుస్తుంది. పక్కవాళ్ల దాంట్లో ఆగిపోతుంది. అందుకే డాలర్ గుర్తు పెట్టి హోమ్ అని రాస్తాం. అది ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్. 1979లో వచ్చిన యూనిక్స్ ఏడో వెర్షన్ నాటి నుంచీ ఉన్న పద్ధతే. ప్రోగ్రాం నడిచేటప్పుడు ఆ పేరు పోయి, దాని విలువ వచ్చి కూర్చుంటుంది.

ఎవరు మారుస్తారు? కమాండ్లు నడిపే షెల్ అయితే తనే మారుస్తుంది. డబుల్ కోట్స్‌లో ఉన్నా మారుస్తుంది. సింగిల్ కోట్స్‌లో పెడితే మాత్రం ముట్టుకోదు. పైథాన్ తనంతట తాను మార్చదు. ఎక్స్‌పాండ్‌వార్స్ అనే ఫంక్షన్‌ని పిలవాలి.

అసలు చిక్కు ఇక్కడుంది. విలువే లేకపోతే? పైథాన్ ఆ పేరును ఉన్నదున్నట్టు వదిలేస్తుంది. షెల్ మాత్రం మామూలుగా ఖాళీ పెట్టేసి ముందుకు సాగుతుంది. తప్పని ఒక్క మాట చెప్పదు. నాకు భయం ఇదే. పాత ఫైళ్లు తుడిచేయమని రాశారనుకోండి. ఫోల్డర్ పేరున్న వేరియబుల్, ఏటవాలు గీత, నక్షత్రం. పేరు ఖాళీ అయిందా, మిగిలేది గీత, నక్షత్రం. అంటే కంప్యూటర్‌లో ఉన్నదంతా!

కాబట్టి షెల్‌లో వేరియబుల్ పేరును ఫ్లవర్ బ్రాకెట్లలో పెట్టండి. లోపల, పేరు చివర కోలన్, ఆ వెంటనే ప్రశ్నార్థకం చేర్చండి. విలువ లేకపోతే ఆ కమాండ్ అక్కడే ఆగిపోతుంది. మళ్లీ చెబుతున్నాను, పేరు చివర కోలన్, ప్రశ్నార్థకం. తుడిచే కమాండ్ ఎక్కడున్నా ఇవాళే చేర్చేయండి.